నో ఆబ్లెస్

2011లో హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో సాయంత్రం స్పానిష్ క్లాసులకు ఉప్పల్ నుంచి వచ్చేదాన్ని. తార్నాకలో బస్సు దిగి గేటు దాకా పరుగే. అప్పుడు నేర్చుకున్నవి కొన్ని మర్చిపోయాను గానీ, స్పానిష్‌లో 'వద్దు' అనడం నేర్చుకున్న సాయంత్రం ఇంకా కళ్ళ ముందే ఉంది.

పక్కనున్న స్నేహితురాలు ఏదో చెప్పబోతుంటే "నో ఆబ్లా" అన్నాను. ఆబ్లా అంటే మాట్లాడు. ముందు నో పెడితే చాలనుకున్నాను. మేడం విని, "నువ్వన్నదానికి 'ఆమె మాట్లాడదు' అని అర్థం" అన్నారు. ఆ వెంటనే, "మాట్లాడు, మాట్లాడకు... మీ తెలుగులో ఎలా అంటారు?" అని అడిగి, రెండూ బోర్డు మీద నాతోనే రాయించారు. హిందీలో 'బోలో' ముందు 'మత్' చేరిస్తే సరిపోతుంది. మనకు క్రియే మారాలి. స్పానిష్‌లోనూ అంతే! నాకు ఆ భాష దగ్గరిదైంది అప్పుడే.

పద్ధతి ఇదీ. 'నేను' రూపాలు ఆబ్లో, కోమో, ఎస్క్రిబో. చివరి ఓ తీసేసి, ఆర్‌తో ముగిసే క్రియలకు 'ఎ' చేర్చాలి; ఏర్, ఈర్‌లతో ముగిసేవాటికి 'ఆ' చేర్చాలి. 'నువ్వు' అనేవాళ్ళతో అయితే చివర స్ కూడా. అచ్చులు తారుమారు అవుతాయన్నమాట. నో ఆబ్లెస్, నో కోమాస్, నో ఎస్క్రిబాస్: మాట్లాడకు, తినకు, రాయకు. చివరి స్ తీసేస్తే మర్యాద వస్తుంది: నో ఆబ్లె, మాట్లాడకండి. మన 'కండి' ఒక పెద్దాయనకీ పదిమందికీ సరిపోతుంది. వాళ్ళకు పదిమందైతే నో ఆబ్లెన్. స్పెయిన్‌లో ఆ పదిమందీ స్నేహితులైతే నో ఆబ్లేయిస్.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది 'దాన్ని' అనే చిన్న మాట. స్పానిష్‌లో 'తోకలో' అంటే 'దాన్ని ముట్టుకో'. వద్దంటే ఆ 'లో' క్రియకు ముందుకు వచ్చేస్తుంది: నో లో తోకెస్. నోట్సులో ఒక పేజీ నిండా ఇదే రాసుకున్నాను.

తర్వాత కస్టమర్ సపోర్ట్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి వారంలోనే మెక్సికో నుంచి ఒక పెద్దావిడ ఫోన్. డబ్బు రెండుసార్లు కట్ అయిందని గొంతు వణుకుతోంది. నాకూ టెన్షనే. ఆ బోర్డు గుర్తొచ్చింది. చివర్లో స్ ఉండకూడదు, ఈ క్రియతో వచ్చే 'సె' అనే చిన్న మాట 'లో' లాగే క్రియకు ముందుండాలి.

"నో సె ప్రెయోకూపె, సెన్యోరా." కంగారు పడకండమ్మా.

అవతల ఒక్క క్షణం ఏ మాటా లేదు. తర్వాత ఆవిడ నెమ్మదిగా తన కార్డు నంబర్ చివరి నాలుగు అంకెలు చెప్పడం మొదలుపెట్టారు.