పిడుగుల ఎక్స్ కిరణాలు: మిద్దె మీది కుక్కర్ పెట్టె ఎంతవరకు వచ్చింది

చిత్తూరులో మా మిద్దె మీద, పిడుగు దిగే క్షణంలో పుట్టే ఎక్స్ కిరణాలను పట్టుకోవడానికి కడుతున్న పరికరం వేసవి ఉరుముల వానలకు తట్టుకుని నిలిచింది. ఈశాన్య రుతుపవనం వచ్చేలోగా అందులో ఏమేమి మారాలో తేలింది కనుక వివరాలు రాసిపెడుతున్నాను.

మేఘంలోని విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను అతివేగంగా తరమగలదని భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ 1925లోనే ఊహించారు. నేలకు దిగే పిడుగు నుంచి శక్తిమంతమైన వికిరణం వస్తుందని 2001లో న్యూ మెక్సికో కొండ మీది పరిశీలనలు చూపించాయి. ఊటీలో కాస్మిక్ కిరణాలను పరిశీలించే గ్రేప్స్-3 బృందం 2014 డిసెంబరు 1 నాటి ఉరుము మేఘంలో సుమారు 130 కోట్ల వోల్టులు ఉన్నట్టు మ్యూయాన్ల (కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టే కణాల) లెక్కతో తేల్చింది. మెరుపు అంచెలంచెలుగా కిందికి దిగుతుంది. ఒక్కో అంచెలో వెలువడే ఎక్స్ కిరణాల జల్లు మైక్రోసెకను లోపే ముగుస్తుంది. వికిరణాన్ని టిక్కులుగా లెక్కపెట్టే గైగర్ గొట్టం ఒకసారి స్పందించాక తేరుకోవడానికి వంద మైక్రోసెకన్ల దాకా పడుతుంది కాబట్టి, ఆ జల్లంతా దానికి ఒకే ఒక్క టిక్కు. అందుకే కిరణం తగిలితే మినుక్కుమనే రెండంగుళాల సోడియం అయోడైడ్ స్ఫటికాన్ని, ఆ మినుకును విద్యుత్ సంకేతంగా మార్చేలా దానికి అతికిన ఫోటోమల్టిప్లయర్ గొట్టాన్ని ఎంచుకున్నాను.

అసలు చిక్కు వికిరణంతో కాదు, పిడుగు పుట్టించే విద్యుదయస్కాంత తరంగంతో. అది తీగల్లోకి దూరి అచ్చం ఎక్స్ కిరణంలాంటి దొంగ సంకేతాన్ని ఇస్తుంది. అందుకని స్ఫటికం, బ్యాటరీ, నమోదు బోర్డు అన్నీ మందపాటి అల్యూమినియం ప్రెషర్ కుక్కర్‌లోనే పెట్టాను. మూతకూ గిన్నెకూ మధ్యనున్న రబ్బరు గాస్కెట్ లోహాన్ని లోహానికి తగలనివ్వదు. దాన్ని తీసేసి, అల్లిన రాగి జాలీని చుట్టూ కూర్చి, మూత బిగించాక మల్టీమీటరుతో నిరోధం చూశాను. విజిల్ రంధ్రాన్ని కూడా రాగి రేకుతో మూయించాను. పెట్టె నుంచి ఇంట్లోకి ఒక్క తీగా రాదు. వాన వెలిసి ఉరుములు పూర్తిగా ఆగాకే మిద్దె ఎక్కి మెమరీ కార్డు తీసుకుంటాను. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఇంకో కుక్కర్‌లో స్ఫటికం లేకుండా, వెలుగు చొరకుండా మూసిన అదే రకం గొట్టం ఉంది. రెండింటిలోనూ ఒకేసారి కనిపించిన సంకేతాన్ని కొట్టిపారేస్తాను. నా దృష్టిలో ఈ ఖాళీ గొట్టం స్ఫటికం కంటే విలువైనది.

శక్తి కొలమానాన్ని సరిచూడటానికి ఎరువుల దుకాణంలో దొరికే పొటాష్ సంచి చాలు: అందులో సహజంగా ఉండే రేడియోధార్మిక పొటాషియం-40 నుంచి వచ్చే 1,461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) శిఖరం స్పష్టంగా నిలబడుతుంది. ఎండాకాలం మిద్దె మీది వేడికి ఆ శిఖరం కిందికి జారుతుంది కాబట్టి పగటికీ రాత్రికీ విడివిడిగా చూసుకోవాలి.

వాన పడ్డప్పుడల్లా లెక్క పెరగడం చూసి పిడుగు దొరికిందని సంబరపడనక్కరలేదు. గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు క్షీణించగా పుట్టే సీసం-214, బిస్మత్-214 చినుకులతో పాటు నేలకు దిగి గామా కిరణాలను వెదజల్లుతాయి. వాన ఆగాక ఆ పెరుగుదల అరగంటకు కాస్త అటూఇటూగా సగానికి పడిపోతూ వస్తుంది. నా గీతల్లో ఈ వాలు చక్కగా కనిపించింది. పిడుగు సంకేతమైతే ఇంత తీరిగ్గా తగ్గదు.

దూరం మరో అడ్డు. వంద కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాల్లో దాదాపు సగం నలభై మీటర్ల గాలిలోనే నేరుదారి తప్పుతాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లు గడిచిందంటే పిడుగు కిలోమీటరు అవతల పడినట్టే; అది నా పెట్టెకు అందదు. కనుక ఏళ్ల తరబడి ఖాళీ చేతులతో ఉండేందుకు సిద్ధపడే ఈ పనికి దిగాలి.

ఖాళీ గొట్టంలో లేకుండా స్ఫటికంలో మాత్రమే కనిపించిన ఒక చిన్న సంకేతాల గుంపు ఉంది గానీ, ఆ క్షణంలో మెరుపు ఎక్కడుందో నా దగ్గర రుజువు లేదు. అందుకని మూడో కుక్కర్ మీద చదునైన లోహపు పళ్లెం యాంటెన్నాను అమర్చి, విద్యుత్ క్షేత్రం మారిన క్షణాన్ని జీపీఎస్ గడియారంతో నమోదు చేయబోతున్నాను. అంచెలు నేలను చేరాక వెలిగే ప్రధాన మెరుపుకు ఒకటి రెండు మిల్లీసెకన్ల ముందు వచ్చిన గుంపులనే ఇకపై లెక్కలోకి తీసుకుంటాను.