ఆ నాలుగు లైన్లలో మావాడు లేడు

ఖతర్‌లోని దోహాకి పనికి రాకముందు గుంటూరులో ఒక పేపర్‌కి ఆరేళ్లు కంట్రిబ్యూటర్‌గా చేశాను. బ్రాడీపేట నుంచి మిర్చి యార్డు దాకా బండి మీద తిరిగి వార్తలు, అంటే ఐటమ్స్, పంపేవాణ్ణి, అచ్చయినదాన్ని సెంటీమీటర్ల లెక్కన కొలిచి డబ్బులిచ్చేవాళ్లు. జిల్లా పేజీకి యాడ్ వచ్చిందంటే ఐటమ్‌ని కింద నుంచి కోసేసేవాళ్లు, అందుకే ముఖ్యమైనదంతా మొదటి పేరాలోనే పెట్టమని నేర్పారు, మనిషి గురించి రాసిన ముక్కేమో ఎప్పుడూ ఆఖర్న ఉండేది కాబట్టి ముందు ఎగిరిపోయేది అదే. "గల్ఫ్‌లో జిల్లావాసి మృతి" అని నేనే ఎన్నిసార్లు రాశానో. పేరు, ఊరు, వయసు, గుండెపోటు, మృతదేహం ఎప్పుడొస్తుంది, అంతే.

మొన్న జూలైలో మా రూంమేట్ నిద్రలోనే పోయాడు. దుగ్గిరాల దగ్గర పల్లె, షట్టరింగ్ కార్పెంటరు, నా కింద మంచం వాడిదే. ఇక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది, మంచి రూలే, కానీ దానివల్ల డ్యూటీ తెల్లారకముందే మొదలవుతుంది కదా, మావాడు మూడింటికి అలారం పెట్టుకునేవాడు. పోయిన రోజు క్యాంపు వాళ్లొచ్చి సామానంతా బ్యాగులో సర్ది మంచం కిందే పెట్టారు, ఫోను అందులో ఉండిపోయింది. మర్నాడు మూడింటికి మళ్లీ మోగింది. ఐదుగురం లేచి కూర్చున్నాం గానీ ఆ జిప్పు తీయడానికి ఒక్కడికీ చెయ్యి రాలేదు. చార్జింగ్ అయిపోయేదాకా ఇంకో తెల్లవారుజాము కూడా మోగింది.

పేపర్లో వచ్చింది నాలుగు లైన్లు. వాళ్ల తమ్ముడు ఫొటో తీసి పంపాడు, ఊరి పేరు తప్పు పడింది. రాసిన కుర్రాడి మీద నాకు కోపం లేదు, వాడికి ఇచ్చిన జాగా అంతే.

నాలుగు లైన్లలో పట్టని మనిషి గురించి రాయడానికి లాంగ్ ఫారం జర్నలిజం అని ఒకటుంది, దాన్ని మన దగ్గర చాలామంది పొడుగు వార్త అనుకుంటున్నారు. పొడుగు కాదండీ, టైము. ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్లడం, చెప్పినదాన్ని కాగితంతో సరిచూసుకోవడం, ఊళ్లో వాళ్లు మనల్ని విలేకరి అనుకోవడం మానేసి మామూలుగా మాట్లాడేదాకా కూర్చోవడం. 1946 ఆగస్టు 31న అమెరికాలోని న్యూయార్కర్ పత్రిక ఒక సంచిక మొత్తం జాన్ హెర్సీ హిరోషిమా మీద రాసిన ఒక్క రిపోర్టుకే ఇచ్చేసింది, అందులో ఆయన పట్టుకున్నది బాంబు నుంచి బతికి బయటపడ్డ ఆరుగురిని, ఆరుగురినే. మన దగ్గర జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ గారు బాగా పేద జిల్లాలు పట్టుకుని అలాగే తిరిగారు, ఆయన 2014లో మొదలుపెట్టిన పారీ అనే పల్లె కథనాల వెబ్‌సైట్‌లో అలాంటి రిపోర్టులు ఇప్పుడు తెలుగులోనూ వస్తున్నాయి. 2021లో గార్డియన్ పత్రిక లెక్క తీసి, ఖతర్‌కి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఖాయమయ్యాక ఐదు దక్షిణాసియా దేశాల వలస కూలీలు ఇక్కడ 6,500 మందికి పైగా చనిపోయారని రాసింది, చాలా చావులకి కారణం సహజ మరణం అనే ఉంది. ఆ లెక్క తీసినవాళ్లకి దణ్ణం పెడతాను. కానీ మా కింద మంచం వాడు ఎందుకు వచ్చాడు, ఏం తిన్నాడు, ఎంత బాకీ ఉన్నాడు, అది ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

"అంత పొడుగు ఎవరు చదువుతారు" అని పేపర్ డెస్క్‌లో అనేవాళ్లు. మా క్యాంపు నుంచి సైటుకి బస్సులో యాభై నిమిషాలు. పక్క సీటు విజయవాడ కుర్రాడు పారీలో ఏదైనా పెద్దది దొరికితే గొంతెత్తి చదువుతాడు, చదువురాని వాళ్లు ముందు సీట్ల నుంచి వెనక్కి తిరిగి మరీ వింటారు, సగంలో సైటు వచ్చేస్తే "సాయంత్రం అక్కణ్ణించే మొదలెట్టు" అంటారు.

అంత్యక్రియలయ్యాక వాళ్లమ్మ ఫోన్ చేసింది. "ఆ రాత్రి ఏం తిన్నాడయ్యా" అని అడిగింది. చెప్పాను, పప్పుచారు, గోంగూర పచ్చడి, పచ్చడి ఆవిడ పంపిందే. ఫోన్ పెట్టేశాక అది రాసుకున్నాను, ఆ రాత్రి నుంచి రాస్తూనే ఉన్నాను, నోట్‌బుక్కులో నలభై పేజీలయ్యాయి. ఏజెంటుకి కట్టిన డబ్బుకి కాగితం ఏమన్నా ఉందా అని వాళ్ల తమ్ముణ్ణి అడిగితే వెతికి పంపాడు. చట్టం ప్రకారం ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. మావాడు కట్టింది 1,20,000. కాగితం మీద తేదీ ఉంది, మొత్తం ఉంది, సంతకం మాత్రం లేదు. డిసెంబర్లో లీవు దొరికితే ముందు దుగ్గిరాల వెళ్తాను.