మాంటెవెర్దే: టికెట్టు కొని మబ్బులోకి

మాంటెవెర్దే అడవి గేటు దగ్గర టికెట్టుకే మనిషికి 25 డాలర్లు దాటింది, గైడుకి మళ్లీ వేరే. మధ్య అమెరికాలోని ఈ కోస్టారికా చౌక అని చెప్పినవాళ్లెవరో కనబడితే అడగాలి. ఇంతా పోసి లోపలికెళ్తే, ఎదురుగా చెట్టుందని నమ్మడమే తప్ప కనిపించదు.

“ఈ మబ్బు కోసమైతే లంబసింగి చాలదా అండీ? ఉప్మా అయినా దొరికేది,” అంది మా ఆవిడ. నేను పలకలేదు.

అక్కడికొచ్చే అందరిదీ ఒకటే గోల: కెట్జాల్ పిట్ట. పచ్చటి వీపు, ఎర్రటి పొట్ట, మగదానికైతే మూర దాటిన తోక. దానికిష్టమైన అడవి అవకాడో చెట్టు కింద మా గైడు కుర్రాడు టెలిస్కోపు నిలబెట్టాడు. కాయను గుటుక్కున మింగి, గింజ తర్వాత కక్కేస్తుందట. మెడలు పట్టేసేదాకా చూశాం. రాలేదు.

ఆ ఖాళీలో ఒక కొమ్మ చూపించాడు. మణికట్టంత కొమ్మే, నాచు పట్టి తొడంత అయింది. దాని మీద ఫెర్నులు, వాటి సందుల్లో భూతద్దం పెడితే తప్ప పువ్వని తెలియని ఆర్కిడ్లు. నాచును వేలితో అలా నొక్కాడో లేదో, మోచేతి దాకా నీళ్లు కారాయి. పైనుంచి వాన చుక్క లేదు మరి! కరీబియన్ వైపు గాలి ఈ తిలరాన్ కొండలెక్కుతూ చల్లబడి మబ్బవుతుంది. ఆ మబ్బును ఆకులూ నాచూ పట్టుకుని కిందికి జారుస్తాయి. సైన్యంలో చేరం అని మొండికేసిన క్వేకర్ (యుద్ధం వద్దనే క్రైస్తవ శాఖ) కుటుంబాలు కొన్ని అమెరికాలోని అలబామా వదిలి, అంతకుముందే సైన్యాన్ని రద్దు చేసుకున్న ఈ దేశానికొచ్చాయి. 1951లో ఈ కొండ మీద స్థిరపడి, పాడి పెట్టుకుని చీజ్ చేసి బతికారు. అయినా వాగు పుట్టే చోట అడవిని నరకలేదు, ఈ నీళ్ల కోసమే. అభయారణ్యం అయింది 1972లో.

బంగారు కప్ప సంగతి మేమే అడిగాం. ఈ కొండల్లో తప్ప ఎక్కడా లేని కప్ప. 1987లో 1500కి పైగా కనిపించాయి, 1989 తర్వాత ఒక్కటీ లేదు. మబ్బు సరిగ్గా దిగని ఎండాకాలాలంటారు, శిలీంధ్రం తెచ్చిన రోగమంటారు.

“నేను పుట్టకముందే పోయింది. ఫొటోలోనే చూశాను,” అని మళ్లీ టెలిస్కోపులో కన్ను పెట్టాడు.

కెట్జాల్ చివరికి శాంటా ఎలెనా బజారులో దొరికింది, టీషర్టుల మీదా మగ్గుల మీదా. మా ఆవిడ బేరమాడింది, వాళ్లు దిగలేదు. కసాదో తిన్నాం: అన్నం, నల్ల బీన్స్, వేయించిన అరటిపండు. అది మాత్రం బ్రహ్మాండం. తడిసిన సాక్సులు రాజధాని శాన్ హోసేలో బస్సు దిగేదాకా ఆరలేదు.