క్లామ్‌ఏవీ చూపించిన సున్నా

మా జిరాక్స్ షాపు తెనాలిలో, కాలేజీకి వెళ్ళే దారిలో ఉంది. రెండు కంప్యూటర్లు, రెండింట్లోనూ లినక్సే. విండోస్ ఉన్నప్పుడు పిల్లలు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల వల్ల నెల తిరక్కుండా ఫార్మాట్ కొట్టించాల్సి వచ్చేది. లినక్స్‌కి మారాక ఆ టెన్షన్ పోయింది. ఆ వైరస్‌లు విండోస్ కోసం రాసినవి, నా దగ్గర నడవవు. కానీ పెన్‌డ్రైవ్ నా దగ్గర ఆగిపోదు కదా. ప్రింటు తీసుకున్న పిల్లలు దాన్ని కాలేజీ ల్యాబ్‌లోనో, ఇంట్లో నాన్నగారి ల్యాప్‌టాప్‌లోనో పెడతారు. అందుకే క్లామ్‌ఏవీ అనే ఉచిత యాంటీవైరస్ వేసుకున్నాను. అది నా కంప్యూటర్ కోసం కాదు, నా దగ్గర్నుంచి బయటికి వెళ్ళే పెన్‌డ్రైవ్ కోసం.

పోయిన ఫిబ్రవరిలో బీకాం ఫైనలియర్ అమ్మాయి ఒకతె ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింటు కోసం వచ్చింది. "అక్కా, నా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి, ఒక్కటీ తెరుచుకోవట్లేదు" అంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇది పాత రోగమే. వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. విండోస్ ఆ దాచిన వాటిని చూపించదు. లినక్స్‌లో మాత్రం అసలువీ నకిలీవీ పక్కపక్కనే కనబడతాయి. రిపోర్ట్ దొరికింది, ప్రింటు తీశాను. తర్వాత పెన్‌డ్రైవ్ స్కాన్ చేస్తే చివర్లో ఇన్ఫెక్టెడ్ ఫైల్స్ సున్నా అని వచ్చింది. "ఏం లేదమ్మా, నిశ్చింతగా తీసుకెళ్ళు" అన్నాను.

సాయంత్రం తిరిగొచ్చింది. ల్యాబ్‌లో పెట్టగానే అక్కడి యాంటీవైరస్ పట్టుకుందట. అందరి ముందూ తిట్టారట. "నువ్వు లేదన్నావుగా అక్కా" అంది, అంతే. షార్ట్‌కట్‌లు నా కళ్ళ ముందే ఉన్నాయి. అయినా సున్నా కనబడేసరికి నమ్మేశాను. ఆ రాత్రి షాపు మూయలేదు.

ముందు క్లామ్‌స్కాన్‌ని, అంటే క్లామ్‌ఏవీలో స్కాన్ చేసే కమాండుని, వెర్షన్ అడిగాను. ఒకే లైన్లో మూడు విషయాలు చెబుతుంది: ప్రోగ్రామ్ వెర్షన్, డైలీ డేటాబేస్ (వైరస్‌లను గుర్తుపట్టే జాబితా) నంబరు, ఆ డేటాబేస్ తేదీ. తేదీ ఐదు నెలల కిందటిది. అంటే ఐదు నెలలుగా వచ్చిన కొత్త వైరస్‌ల సంగతి దానికి తెలియదు. తెలియని దాన్ని పట్టుకోలేదు, పట్టుకోనప్పుడు సున్నాయే చూపిస్తుంది.

అప్‌డేట్ చేద్దామని సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, డేటాబేస్ దించే ఫ్రెష్‌క్లామ్ నడిపితే, లాగ్ ఫైల్‌ని ఇంకో ప్రాసెస్ లాక్ చేసి పెట్టిందని ఎర్రర్. ఇది చూసి చాలామంది లాగ్ ఫైలే తీసేస్తారు, లేదా మొత్తం పీకేసి మళ్ళీ వేస్తారు. నిజానికి అది రోగం కాదు. ఫ్రెష్‌క్లామ్ సర్వీసు వెనకాల అప్పటికే నడుస్తోందని చెప్పడం, అంతే. సర్వీసుల్ని ఆపే, నడిపే సిస్టమ్‌సీటీఎల్ కమాండుతో క్లామ్‌ఏవీ-ఫ్రెష్‌క్లామ్ సర్వీసు ఆపి, చేత్తో ఒకసారి నడిపి, మళ్ళీ సర్వీసు మొదలుపెడితే సరిపోతుంది.

అలా చేస్తే అసలు సంగతి బయటపడింది: ఎర్రర్ 403, అంటే సర్వర్ ఇవ్వనంటోంది. కింద కారణం కూడా ఉంది, మీ వెర్షన్ బాగా పాతదై ఉండొచ్చని. లాగ్ తెరిస్తే నెలల తరబడి రోజూ అదే మాట. నేనే చదవలేదు. నా ఉబుంటు 18.04కి మామూలు సపోర్ట్ 2023లోనే ఆగిపోయింది, నేను పట్టించుకోలేదు. దాంతో క్లామ్‌ఏవీ కూడా సున్నాతో మొదలయ్యే పాత వెర్షన్ దగ్గరే ఉండిపోయింది. 1.0 వచ్చిందే 2022 నవంబరులో. మరీ పాతబడిన వెర్షన్లకు క్లామ్‌ఏవీ వాళ్ళు డేటాబేస్ ఇవ్వడం ఆపేస్తారు. 2010 ఏప్రిల్‌లో అయితే 0.94 వరుసను ఏకంగా పనిచేయకుండానే చేశారు, చాలాచోట్ల మెయిల్ సర్వర్లు ఆగిపోయాయి. అప్పట్లో జనానికి కోపం వచ్చింది గానీ, నా అనుభవం తర్వాత వాళ్ళు చేసింది తప్పనిపించట్లేదు. పాతది ఆగిపోతే కనీసం మనకు తెలుస్తుంది.

కోపంతో పదేపదే ఫ్రెష్‌క్లామ్ నడపకండి. తక్కువ వ్యవధిలో మరీ ఎక్కువసార్లు దించుకుంటే సర్వర్ నుంచి ఎర్రర్ 429 వస్తుంది, కాసేపు ఆగమని గడువు పెడుతుంది. ఫ్రెష్‌క్లామ్ ముందు డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల పట్టికలో) డేటాబేస్ తాజా నంబరు చూసి, మారిన ముక్కలే దించుకుంటుంది. డేటాబేస్ ఫైళ్ళు తీసేస్తే మాత్రం మొత్తం మళ్ళీ దించాలి.

ఆదివారం షాపు కట్టేసి, ఫైళ్ళన్నీ బయటికి కాపీ చేసుకుని, రెండు మెషీన్లలో ఉబుంటు 24.04 వేశాను. డేటాబేస్ ఆ రోజు తేదీకి వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

వేగంగా ఉంటుందని ఈసారి క్లామ్‌డీస్కాన్ వాడాను. వెనకాల ఎప్పుడూ నడిచే క్లామ్‌డీ అనే ప్రోగ్రామ్‌తో అది స్కాన్ చేయిస్తుంది. ఒక పెన్‌డ్రైవ్ పెడితే రెండు సెకన్లలో మళ్ళీ సున్నా. ఈసారి నమ్మలేదు, పై లైన్లు చదివాను. ప్రతి ఫైలు దగ్గరా పర్మిషన్ డినైడ్! క్లామ్‌డీ తన సొంత యూజర్ పేరుతో నడుస్తుంది, నేను పెట్టిన పెన్‌డ్రైవ్ తెరిచే హక్కు దానికి లేదు. ఒక్క ఫైలూ చదవకుండానే ఇన్ఫెక్టెడ్ సున్నా అని రాసింది. పక్కనే టోటల్ ఎర్రర్స్ అని ఇంకో అంకె ఉంటుంది, చూడాల్సింది దాన్ని కూడా. ఎఫ్‌డీపాస్ అనే ఆప్షన్ జతచేస్తే ఫైలు మనమే తెరిచి దానికి అందిస్తాం, అప్పుడు చదువుతుంది. సరిచూసుకోవడానికి ఐకార్ టెస్ట్ ఫైలు పెట్టాను. 68 అక్షరాల ఫైలు, దానివల్ల ఏ హానీ ఉండదు, యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గానే పట్టుకోవాలని ఒప్పందం. పట్టుకుంది.

పాత మెషీన్లో 4 జీబీ ర్యామే. క్లామ్‌డీ సిగ్నేచర్లన్నీ, అంటే వైరస్‌ల గుర్తులన్నీ, ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది. డేటాబేస్ మారినప్పుడు కొత్తది ఎక్కేదాకా పాతదాన్నీ ఉంచుకుంటుంది, అంటే రెట్టింపు. ఆ సమయంలో ఫోటోషాప్ బదులు వాడే గింప్ తెరిచి ఉంటే ర్యామ్ చాలక కెర్నల్ (లినక్స్ గుండెకాయ) క్లామ్‌డీని ఆపేసేది. క్లామ్‌డీ కాన్ఫిగ్‌లో కాంకరెంట్ డేటాబేస్ రీలోడ్ అన్నది నో అని పెట్టాక ఆగింది. రీలోడ్ అయ్యేటప్పుడు స్కాన్ కాసేపు నిలబడుతుంది, మా షాపుకి అది ఫరవాలేదు.

దొరికిన ఫైలును అడక్కుండా తీసేసే రిమూవ్ ఆప్షన్ మాత్రం నేను వాడను. ఒక పిల్లాడి రికార్డు అందులో ఉండొచ్చు. మూవ్‌తో వేరే ఫోల్డర్లోకి జరిపి, వాళ్ళకు చూపించి, అడిగి తీసేస్తాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి పెన్‌డ్రైవ్ తెమ్మన్నాను. వచ్చింది. ముందు డేటాబేస్ తేదీ చూపించాను, తర్వాత స్కాన్ పెట్టాను. ఈసారి నాలుగు దొరికాయి, ఎర్రర్స్ ఏమీ లేవు. నాలుగూ తీసేసి, ఫోల్డర్లను మళ్ళీ కనబడేలా చేసి ఇచ్చాను. క్షమించమన్నాను. "ఇంట్లో తమ్ముడి పెన్‌డ్రైవ్ కూడా ఉంది, రేపు తేనా అక్కా?" అంది.