నడిచి చేరాల్సిన కోట: డన్‌స్టన్‌బరా

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, నార్తంబర్లాండ్‌లో ఉన్న డన్‌స్టన్‌బరా కోట దాకా కారు పోదు. దక్షిణాన క్రాస్టర్ అనే చిన్న పల్లెలో దిగి రెండు కిలోమీటర్లు నడవాలి, లేదంటే ఉత్తరాన ఎంబుల్టన్ వైపు నుంచి సముద్రపు ఒడ్డున రావాలి. న్యూకాజిల్‌లో చదువుకుంటున్న మా తమ్ముడు ఈ సంగతి ముందే చెప్పి, "నడవగలవా అక్కా? గాలి బాగా కొడుతుంది" అన్నాడు. ఆ నడక ఉందనే నేను ఈ కోటను ఎంచుకున్నాను. పాడుబడిన కోటను దూరం నుంచి చూస్తూ, అడుగడుగునా అది పెద్దదవుతుంటే దగ్గరికి చేరడంలో ఉన్న ఆనందం గుమ్మం ముందు కారు దిగితే దొరకదు.

క్రాస్టర్‌లో బస్సు దిగగానే పొగ వాసన తగిలింది. ఓక్ చెక్కపొట్టు పొగలో హెర్రింగ్ చేపల్ని గంటల తరబడి ఆరబెట్టి కిప్పర్లు చేయడంలో ఈ ఊరికి పెద్ద పేరు. ఇక్కడి చిన్న రేవుకో కథ ఉంది. 1904లో బ్రిటిష్ ఇండియా సైన్యం టిబెట్ మీదికి వెళ్ళినప్పుడు అక్కడ చనిపోయిన కెప్టెన్ జాన్ క్రాస్టర్ జ్ఞాపకార్థం అతని కుటుంబం దీన్ని కట్టించింది. మన దేశం మీదుగా టిబెట్ వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్న మనిషి గుర్తు ఇంత దూరంలో, ఈ చల్లటి సముద్రం ఒడ్డున కనిపించడంతో కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఊరి చివర గేటు దాటితే ఇక అంతా పచ్చిక. కుడిచేతి వైపు నల్లరాళ్ళ మీద విరిగే అలలు, ఎడమచేతి వైపు మేస్తున్న గొర్రెలు, ఎదురుగా ఆకాశంలోకి లేచిన మొండి గోడలు. గొర్రెలు బయటికి పోకుండా దాటిన ప్రతి గేటునూ వెనక మూసుకుంటూ వెళ్ళాలి. దారి దాదాపు చదునే. పిల్లలూ, కర్ర పట్టుకున్న పెద్దవాళ్ళూ, కుక్కల్ని తీసుకొచ్చినవాళ్ళూ ఎవరి వేగంతో వాళ్ళు నడుస్తున్నారు. మా తమ్ముడు చెప్పిన గాలి మాత్రం నిజమే, మాటలు పక్కవాళ్ళకి వినిపించనంత గాలి.

దూరం నుంచి రెండు విరిగిన స్తంభాల్లా కనిపించేది కోట సింహద్వారం. దగ్గరికొచ్చాక తల పైకెత్తి చూడాల్సిందే. ద్వారానికి రెండు పక్కలా గుండ్రటి బురుజులు, ఒకప్పుడు అయిదంతస్తుల ఎత్తు ఉండేవట. దీన్ని 1313లో మొదలుపెట్టించినవాడు లాంకస్టర్ ఎర్ల్ (అక్కడి పెద్ద ప్రభువుల బిరుదు) థామస్. రాజు రెండో ఎడ్వర్డ్‌కి దగ్గరి బంధువు, రాజు తర్వాత దేశంలో అంతటి సంపన్నుడు, ఆ రాజుకే బద్ధశత్రువు. రాజుకి ప్రాణమిత్రుడైన పియర్స్ గావెస్టన్‌ని 1312లో చంపించినవాళ్ళలో ఇతనొకడు. ఆ పని చేశాక రాజు ఊరుకుంటాడని ఎవరూ అనుకోరు. మరుసటి ఏడాదే ఇంత మారుమూల తీరంలో ఇంత పెద్ద కోట లేవడానికి ఆ భయమే కారణమని తోస్తుంది.

భయం ఒక్కటే అయితే ఇంత అందంగా కట్టనక్కర్లేదు. ఈ కోటలో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి అదే. కోట చుట్టూ, ముఖ్యంగా పడమటి వైపు, థామస్ చెరువులు తవ్వించాడు. ఇప్పుడవి రెల్లు పెరిగిన చిత్తడి నేలలు. అప్పట్లో నీళ్ళు నిండి ఉన్నప్పుడు కోట ఒక దీవిలా, నీటిలో తన నీడ తానే చూసుకుంటున్నట్టు ఉండేదని 2003లో ఇక్కడ సర్వే చేసిన పరిశోధకులు తేల్చారు. బ్రిటన్ పాత గాథల్లోని వీరుడు ఆర్థర్ రాజు కథల్లో వచ్చే కోటలా కనిపించాలన్నది థామస్ ఆలోచన అయి ఉండొచ్చని వాళ్ళ అభిప్రాయం. దానికి ఊతమిచ్చే ఆధారం కూడా ఉంది. స్కాట్లండ్ వాళ్ళతో నడిచిన రహస్య ఉత్తరాల్లో థామస్‌కి పెట్టుకున్న మారుపేరు 'ఆర్థర్ రాజు'! అంటే ఈ కోట దాక్కోవడానికి ఎంత కట్టాడో, దూరం నుంచి నలుగురూ చూసి నివ్వెరపోవడానికీ అంతే కట్టాడు. ఏడు వందల ఏళ్ళ తర్వాత, సగం కూలిపోయాక కూడా, గొర్రెల మధ్య నడిచొస్తున్న మమ్మల్ని అది అలాగే నివ్వెరపరిచింది.

పాపం, థామస్ మాత్రం దాన్ని అనుభవించలేదు. మహా అయితే ఒక్కసారి, 1319లో, ఇటు వచ్చి ఉంటాడంటారు. 1322లో రాజు సేనలు తరిమితే ఉత్తరంగా పారిపోతూ బరోబ్రిడ్జ్ దగ్గర ఓడి దొరికిపోయాడు. బహుశా ఈ కోటకే వస్తుండి ఉంటాడు. పాంటెఫ్రాక్ట్‌లో, తన సొంత కోట దగ్గరే, తల నరికించారు. ఆ బురుజు నీడలో నిలబడి ఈ కథ తమ్ముడికి చెప్తుంటే వాడు, "అయితే అక్కా, ఇంత కట్టి ఇక్కడ ఒక్క చలికాలమన్నా ఉండలేదా?" అన్నాడు. నాకూ అదే బాధ అనిపించింది.

1380ల్లో, మూడో ఎడ్వర్డ్ రాజు కొడుకు, అప్పటి లాంకస్టర్ డ్యూక్ జాన్ ఆఫ్ గాంట్ ఈ సింహద్వారం దారిని మూయించి, దాన్నే నివాసంగా మార్చి, పక్కన మరో ద్వారం పెట్టించాడు. తర్వాతి శతాబ్దంలో, ఇంగ్లండ్ సింహాసనం కోసం రెండు రాజవంశాలు చేసుకున్న గులాబీల యుద్ధాల్లో కోట పదేపదే చేతులు మారింది. 1538 నాటికే ఇది బాగా పాడైందని రాసిపెట్టారు. ఆ తర్వాత దీని రాళ్ళు చుట్టుపక్కల కట్టడాలకు తరలిపోయాయి.

లోపలికి వెళ్తే ఆశ్చర్యం, ఏమీ లేదు! సుమారు పదెకరాల పచ్చిక, దాని చుట్టూ అక్కడక్కడా ప్రాకారం. కొంతమందికి ఇది నిరాశగా ఉంటుందేమో గానీ నాకా ఖాళీయే నచ్చింది. వాయవ్యం మూల ఎత్తున లిల్‌బర్న్ బురుజు ఒంటరిగా నిలబడి ఉంది, తొలి రోజుల్లో ఇక్కడ కిల్లేదారుగా ఉన్న జాన్ లిల్‌బర్న్ పేరు దానిది. దాని పక్కన దిడ్డివాకిలి. కాస్త అవతల కొండ నిలువునా సముద్రంలోకి దిగిపోతుంది. ఆ రాతి అంచుల్లో కిట్టివేక్ పక్షులు గూళ్ళు కట్టుకుని తమ పేరు తామే అరుచుకుంటూ ఉంటాయి. ఈ నల్లరాయి విన్ సిల్, దాదాపు 29.5 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవం. రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడలో కొంత భాగం ఈ రాతి గట్టు మీదే ఉంది, ఉత్తరాన కనిపించే బాంబరా కోట కూడా.

బాంబరాని 1890ల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభువు కొని బాగు చేయించాడు. చక్కగానే ఉంటుంది. అయినా రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ఈ కూలిన కోటనే ఎంచుకుంటాను. బాంబరా తన గతాన్ని కప్పుకుని కూర్చుంది, ఇక్కడ ప్రతి దెబ్బా పైకే కనిపిస్తుంది. చిత్రకారుడు టర్నర్ 1797లో ఇటు వచ్చి ఈ శిథిలాల్ని ఎందుకన్ని సార్లు గీశాడో ఇక్కడ నిలబడితే తెలుస్తుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. చలికాలంలో లోపలికి వదిలే రోజులూ వేళలూ మారతాయి, ముందే చూసుకోండి. కోట దగ్గర హోటల్ ఏమీ ఉండదు కాబట్టి నీళ్ళూ తిండీ వెంట ఉండాలి. చాలామంది సింహద్వారం ముందు ఫోటో దిగి వచ్చిన దారినే క్రాస్టర్ వెళ్ళిపోతారు. మీరు అలా చేయకండి. బయటికొచ్చి కోట పడమటి పక్కగా, ఆ పాత చెరువుల అంచున ఎంబుల్టన్ వైపు నడవండి. నేల తడిగా ఉంటుంది, మంచి బూట్లు వేసుకోండి. థామస్ తన అతిథులకు కోటను ఎక్కడి నుంచి చూపించాలనుకున్నాడో ఆ వైపు వెళ్తేనే అర్థమవుతుంది.