గట్టు మీద వాయిస్ యాప్: మూడో ఆదివారం

అల్లూరు దగ్గర బాబాయికి నాలుగు రొయ్యల గుంటలున్నాయి. మేత వేశాక చేతులు తడి, పుస్తకం షెడ్డులో ఉంటుంది. సాయంత్రం రాద్దామనుకునేసరికి ఏ గుంటకి ఎన్ని కేజీలో గుర్తుండదు. అందుకే నోటితో చెబితే రాసుకునే యాప్ చేస్తున్నాను.

మొదట ఏరేటర్లు, అంటే గుంట నీళ్లలో గాలి కలిపే మోటార్లు, ఏడిపించాయి. శబ్దం తగ్గితే మాట ఆగినట్టు అని రాశాను. గట్టు మీద శబ్దం తగ్గేదెక్కడ? రికార్డింగ్ ఆగనే లేదు. మనిషి గొంతుని పసిగట్టే సిలెరో వ్యాడ్ (Silero VAD) అనే మోడల్ పెట్టాక ఆ బాధ తీరింది. 16 కిలోహెర్ట్జ్ ఆడియోలో 512 శాంపిళ్లకోసారి, అంటే 32 మిల్లీసెకన్లకోసారి, అందులో మనిషి గొంతు ఉండే అవకాశం ఎంతో 0 నుంచి 1 లోపు చెబుతుంది. ఎంత దాటితే గొంతు అనుకోవాలో ఆ హద్దు మామూలుగా 0.5 పెడతారు, మోటార్ల దగ్గర నాకు 0.6 కుదిరింది. మొదటి అక్షరం తెగిపోకుండా వెనకటి 300 మిల్లీసెకన్ల ఆడియో ఎప్పుడూ దాచి ఉంచుతున్నాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. 700 మిల్లీసెకన్లు మౌనంగా ఉంటే మాట అయిపోయినట్టు లెక్క. బాబాయి "మూడో గుంటకి పొద్దున..." అని, మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూసేలోపే యాప్ ముగించేసింది. "నన్ను చెప్పనీరా అబ్బయా" అన్నాడు. నాకు చాలా బాధేసింది. సరే అని 2 సెకన్లు చేస్తే, వినలేదేమో అనుకుని మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

ఆ రికార్డింగులు రాత్రి కూర్చుని విన్నాను. మౌనం ఒకేలా ఉంది, దాని ముందున్న మాటే వేరు. "వేసి" దగ్గర ఆగితే ఇంకా ఉంది. "వేశా" దగ్గర ఆగితే అయిపోయింది. మన వాక్యంలో క్రియ చివరికే వస్తుంది, ఆ క్రియ రూపమే సంగతి చెప్పేస్తుంది! ఇప్పుడు, మాటని అక్షరాలుగా మార్చే వోస్క్ (Vosk) చిన్న తెలుగు మోడల్ మాట సాగుతుండగానే రాసిచ్చే దాంట్లో చివరి పదం చూస్తున్నాను. "వేశా", "లేదు", "చాలు" లాంటివైతే 500 మిల్లీసెకన్లు చాలు. "కి", "లో", "తే", "వేసి", అంకెలైతే 2 సెకన్లు ఆగుతుంది. చివరి అచ్చు ఒక్కటే చూస్తే పొరపాటు: "వేసి"లోనూ "వచ్చింది"లోనూ "వేయాలి"లోనూ ఇకారమే. ముందు "ఇంది", "ఆలి" వెతికి, తర్వాతే మిగతావి చూడాలి.

ఇంకొకటి, మనం క్రియ తర్వాత కూడా మాట తగిలిస్తాం: "నలభై కేజీలు వేశా... రెండో గుంటకి." అందుకని మాట అయిపోయిందని యాప్ బీప్ మోగించాక కూడా ఒకటిన్నర సెకను ఎంట్రీ తెరిచే ఉంటుంది, వెనకొచ్చిన మాట అందులోనే కలుస్తుంది.

ఈ పొద్దున 26 ఎంట్రీల్లో రెండే తెగాయి. రెండింట్లోనూ మోటారు హోరులో "వేసి"ని "వేశా"గా విన్నది. వచ్చే ఆదివారం ఫోన్ జేబులో పెట్టి, కాలర్ మైకుతో చూస్తాం.