పోలిష్ కోడిపిల్లల్లో పెట్ట ఏది, పుంజు ఏది?

మా డాబా మీద గూట్లో ఆరు పోలిష్ కోడిపిల్లలున్నాయి (నెత్తిమీద ఈకల కుచ్చుండే జాతి), తొమ్మిది వారాలు నిండాయి, చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది వీటిలో పెట్టలెన్ని అనే. నాటుకోడి పిల్లలైతే ఈ వయసుకి పుంజుల తురాయి ఎర్రబడి తెలిసిపోతుంది. వీటి తురాయేమో రెండు చిన్న కొమ్ముల్లా ఉండి కుచ్చు కింద దాక్కుంటుంది. అందుకే నేను కుచ్చునే చూస్తాను. పెట్టకి ఈకల చివర్లు గుండ్రంగా ఉండి, కుచ్చంతా ముద్దబంతి పువ్వులా ఒత్తుగా ఉంటుంది; పుంజుకి సన్నగా, మొనదేలి, వెనక్కి వాలి చెదిరినట్టు కనిపిస్తుంది. పొద్దున తెల్లకుచ్చు పిల్లని ఒళ్ళో పెట్టుకుని వేలితో ఈకలు విడదీస్తే, మెత్తటి వాటి మధ్య సూదిలాంటి ఈక ఒకటి మెరుస్తూ కనిపించింది. పుంజే అనుకుంటున్నా.

కానీ లింగం కంటే ముందు తల జాగ్రత్త. వీటి పుర్రె పైన బుడిపెలా ఉబ్బి ఉంటుంది, అక్కడ ఎముక పూర్తిగా మూసుకుని ఉండదు. కిందటి విడతలో నాటు పిల్లలతో కలిపి పెంచాను, అవి నెత్తిమీద పొడిస్తే ఒక పిల్ల సాయంత్రానికి చనిపోయింది. ఆ బాధ ఇంకా పోలేదు. ఇప్పుడు వీటిని విడిగానే ఉంచుతున్నా, కుచ్చు తడవకుండా నీళ్ళకి నిపుల్ (ముక్కుతో పొడిస్తే చుక్కలుగా నీళ్ళొచ్చేది) పెట్టా, కళ్ళకి అడ్డొచ్చే ఈకలు కత్తిరిస్తున్నా.

మూడో నెల దాటాక మెడ మీద, నడుము మీద కూడా మొనదేలిన ఈకలొస్తే ఇంక అనుమానం ఉండదు. అప్పటిదాకా జత అని చెప్పి ఎవరికీ ఇవ్వను.